మూడో చరణంలో మా అత్త

మా అత్త ఓర్ఫాను నేను చంపింది జనవరిలో. ఆ సంగతి ఆవిడకు తెలిసింది మాత్రం జూన్‌లో, వంటింట్లో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తూ ఉండగా, రేడియోలో.

చంపానంటే పాటలోనే లెండి. పాటలు కట్టేవాళ్ళకు అదొక పాడు అలవాటు. మొదటి చరణంలో ఇల్లు, రెండో చరణంలో ఎడబాటు, మూడో చరణంలో సమాధి. మా కెంటకీ కొండల్లో తాతల నాటి నుంచీ ఇదే వరస. మూడో చరణం దాకా వచ్చి ఎవరూ చావకపోతే, విందుకు పిలిచి చేతులు కడిగించి పంపేసినట్టు ఉంటుంది వినేవాళ్ళకు.

నేనూ మా ఆయన వెండెల్ కలిసి పాటలు రాసేవాళ్ళం. బాణీ తనది, మాట నాది. వెండెల్ స్కూలు బస్సు నడిపేవాడు, నేను అదే బడిలో వంట చేసేదాన్ని. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా మా అత్త చెవులు అక్కడే ఉంటాయి గనక, పాటలకు మేం పెరట్లో ఆగి ఉన్న బస్సులోకి పోయేవాళ్ళం. వెండెల్ డ్రైవరు సీట్లో గిటారు పెట్టుకుని కూర్చునేవాడు. నేను వెనక రెండో వరసలో, నోటుపుస్తకంతో. పిల్లల అల్లరి కనిపెట్టడానికి డ్రైవరు నెత్తి మీద పెద్ద అద్దం ఉంటుంది చూశారూ, అందులో నా మొహం చూస్తూ పాడేవాడు. పాదం బాగుంటే నేను అద్దంలోకి చూస్తాను. బాగోలేకపోతే కిటికీలోంచి బయటికి చూస్తాను. అంతే, నోటితో ఒక్క మాట అనక్కర్లేదు. పదకొండేళ్ళుగా మేం తల పగలగొట్టుకోకుండా పాటలు రాశామంటే అది ఆ అద్దం చలవే.

ఈ పాట మా అత్త అలవాటు మీద కట్టింది. ఆవిడ భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఒక పళ్ళెం ఎక్కువ పెట్టేది. మేం ముగ్గురం, పళ్ళేలు నాలుగు. దారిన పోయేవాళ్ళెవరైనా వస్తే పళ్ళెం వెతుక్కుంటూ లేవకూడదట, వచ్చినవాళ్ళు మొహమాటపడతారట. నేను ఆ ఇంటికి మొదటిసారి వచ్చింది కోడలిగా కాదు, ఆ ఎక్కువ పళ్ళేనికే. పంతొమ్మిదేళ్ళప్పుడు, వానలో తడిసి వాళ్ళ వాకిట్లో ఆగాను. ఆవిడ పేరడగలేదు, ఊరడగలేదు. "కూర్చో, చల్లారిపోతుంది" అంది. తొమ్మిదేళ్ళకే తల్లి పోయి, పినతల్లుల ఇళ్ళలో వంతులవారీగా పెరిగినదాన్ని. నా కోసం ముందే పెట్టి ఉంచిన పళ్ళెం చూడటం నాకదే మొదలు. నేను వెండెల్‌ని తర్వాత ఇష్టపడ్డాను, ముందు ఇష్టపడింది వాళ్ళమ్మనే.

*దారిన పోయే దుమ్ము కాళ్ళు మన గడప తొక్కితే*
*పేరడగకమ్మా ఓర్ఫా, ఇంకో పళ్ళెం పెట్టు*

రెండు చరణాలు అయ్యాక ఆవిడకు పాడి వినిపించాం. విని, "బాగానే ఉంది. పొయ్యి మీద రొట్టె చూడవే" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం వెండెల్ బస్సులోకి వచ్చి చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. పాటల కంపెనీలన్నీ ఉండే నాష్‌విల్‌లో మా పాటలు చూసే పెగ్రమ్ అనే ఆయన ఫోన్ చేశాడట.

"రెండు చరణాలూ బంగారంలా ఉన్నాయట. మూడోది లేక పాట కుంటుతోందట."

"మూడోదంటే?"

"తెలుసుగా."

"బతికున్న మనిషి, వెండెల్! లోపల రొట్టె చేస్తోంది!"

"పాటలో అమ్మ. మా అమ్మని ఎవరన్నారు?"

"ఓర్ఫా అని పేరు పెట్టింది నువ్వేగా!"

"ఆ పేరు బాణీలో సరిగ్గా కూర్చుంది మరి. ఏం చెయ్యను?" అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "ఇప్పటికి ముప్పై పాటలు పంపాం డోవీ. ఎవడైనా ఒక్కటి పాడాడా? ఇదీ అంతే. ఎవరికి తెలియబోతుంది?" అన్నాడు.

పావుగంటలో రాసేశాను. అలాంటివి అలాగే వస్తాయి, చెంబుతో తోడినట్టు.

*పైన్ చెట్ల గుట్ట మీద నాన్న పక్కన నిద్రపోయింది*
*బల్ల చివర ఆమె పళ్ళెం ఇంకా పెడుతూనే ఉన్నాం*

వెండెల్ పాడుతుంటే అద్దంలోకి చూశాను. తన కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఇద్దరం కళ్ళు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్ళి, చచ్చిపోయిన మనిషి చేతి వేడి రొట్టె తిన్నాం.

ఆ పాటను క్లే హార్డెస్టీ పాడాడు. అప్పట్లో ఆ పేరు తెలియని ఇల్లు లేదు. మే నెలకల్లా ఏ రేడియో పెట్టినా ఇంకో పళ్ళెమే. డెబ్బై రెండో సంవత్సరం, ఆ వేసవి అంతా మా పాటే వినిపించింది. మాకు సంబరంగానూ ఉంది, వెన్నులో చలిగానూ ఉంది. "మీ అమ్మ, నువ్వు చెప్పు" అని నేను. "మాట నీది, నువ్వు చెప్పు" అని తను. ఇద్దరం చెప్పలేదు. రేడియోలో మూడో చరణం వచ్చే వేళకు వెండెల్‌కు పెద్దగా దగ్గు వచ్చేది, లేకపోతే నా చేతిలోంచి గిన్నె జారేది. ఆ నెల రోజుల్లో మూడు గిన్నెలు సొట్టలు పోయాయి.

"ఈ పాట వచ్చినప్పుడల్లా నీ చేతులకేమవుతుందే? గర్వమా?" అంది మా అత్త ఒకసారి.

పాపం పండిన రోజు వెండెల్ కంచె బాగుచేయడానికి వెళ్ళాడు. నేను చలికాలానికి బీన్స్ ఉడికించి దాచే సీసాలు తేవడానికి నేలమాళిగలోకి దిగాను. పైకి వచ్చేసరికి పాట 'బల్ల చివర ఆమె పళ్ళెం' దగ్గరికి వచ్చేసింది. మా అత్త చేతిలో సగం ఈనె తీసిన బీన్స్ కాయ అలాగే ఉంది. పాట అయిపోయింది. ఎరువుల ప్రకటన మొదలైంది. ఆవిడ ఆ ఈనె పూర్తిగా లాగి, కాయ విరిచి గిన్నెలో వేసింది.

"నేనెప్పుడు పోయానే?"

"అత్తయ్యా, అది... పాట కోసం..."

"తీసుకుని తీసుకుని పోయానా, నొప్పి తెలీకుండా పోయానా?"

"నిద్రలోనే, అత్తయ్యా."

"అదొక్కటీ మంచి పని చేశావు" అని ఇంకో కాయ అందుకుంది.

గండం గడిచిందనుకున్నాను. సాయంత్రం భోజనాల వేళకు బల్ల మీద మూడు పళ్ళేలున్నాయి. వెండెల్‌ది, నాది, దారిన పోయేవాళ్ళది. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి మూకుట్లోంచే తింటోంది.

"అమ్మా, వచ్చి కూర్చో" అన్నాడు వెండెల్.

"పోయినదానికి పళ్ళెం దేనికి? మీరు తినండి."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తిట్టి ఉంటే పడేదాన్ని. ఆవిడ తిట్లకు నేను అలవాటుపడ్డదాన్నే. కానీ ఆ పొయ్యి దగ్గర నిలబడి తినే మనిషిని చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. అత్తలేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఆ ఉత్తమత్వం నాకొద్దు బాబూ అనిపించింది.

ఆ శనివారం పొద్దున మా మామయ్య చెల్లెలు వెర్నా వచ్చింది. ఒహాయోలో, డేటన్‌లో, ఫ్యాక్టరీలో పని ఆవిడకు. అక్కడి రేడియోలో పాట వింది. నల్ల గౌను, నల్ల టోపీ, ఒక చేతిలో పొగబెట్టిన పంది తొడ, ఇంకో చేతిలో కొబ్బరి కేకు. కారు దిగుతూనే ఏడుపు అందుకుంది.

"నాకు కబురైనా పెట్టలేదే! వదినా! ఆఖరి చూపుకైనా నోచుకోలేదే!"

మా అత్త తీగ మీద దుప్పటి ఆరేస్తోంది. దుప్పటి పక్కకి జరిపి, "లోపలికి రా వెర్నా. ఆ తొడ నాకోసమేనా?" అంది.

వెర్నా చేతిలో కేకు పడిపోవాల్సిందే. నేను వెళ్ళి పట్టుకున్నాను.

"నువ్వు... నువ్వు బతికే ఉన్నావా?"

"డోవీని అడుగు. అది ఎట్లా చెబితే అట్లా."

"రెండొందల మైళ్ళు ఏడ్చుకుంటూ వచ్చాను!"

"పోయేటప్పుడు నవ్వుకుంటూ పో. కేకు ఎవరు చేశారు? నువ్వేనా? అయితే నాకు చిన్న ముక్క చాలు."

నవ్వాలో ఏడవాలో తెలియక వెర్నా అన్నం వేళ దాకా రెండూ చేసింది. తిన్నాక నన్ను ఎగాదిగా చూసి, "ఇలాంటి కోడలి దగ్గర నీకేం పని వదినా? డేటన్ వచ్చెయ్. నా ఇంట్లో గది ఖాళీగా ఉంది, నీళ్ళు పంపులో వస్తాయి" అంది.

మా అత్త వెంటనే కాదనలేదు. ఆవిడ వెంటనే కాదనకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బీన్స్ సీసాల్లోకి ఎక్కించేశాక చూద్దాంలే" అంది.

బీన్స్ ఇంకో రెండు నెలలు. ఆ పైన ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోతే నాకు చేతులు ఆడలేదు.

జూలైలో కొత్తవాళ్ళు రావడం మొదలైంది. పాటలో గుట్ట ఎక్కడో ఏ పత్రికవాడో కనిపెట్టి రాశాడు. మా సైజ్‌మోర్ ఇంటిపేరువాళ్ళ సమాధులు ఇంటి వెనక గుట్ట మీదే ఉంటాయి. మామయ్య ఎస్టిల్ సమాధి రాయి మీద మా అత్త పేరు కూడా ఉంది. మా వైపు మొగుడూ పెళ్ళాలకు కలిపి ఒకే రాయి చెక్కిస్తారు. ఉన్నవాళ్ళ పేరు, పుట్టిన సంవత్సరం చెక్కి, పోయిన సంవత్సరం దగ్గర నున్నగా వదిలేస్తారు. వచ్చినవాళ్ళు ఆ ఖాళీ చూసి, అది చెక్కించడానికి మాకు మనసు రాలేదనుకుని ఇంకాస్త ఏడ్చేవాళ్ళు. గులాబీలు పెట్టేవాళ్ళు. కొందరు కొత్త పళ్ళేలే తెచ్చి పెట్టిపోయేవాళ్ళు. తర్వాత ఎండకు డస్సిపోయి, కిందికి దిగి, మా వాకిట్లో నీళ్ళడిగేవాళ్ళు.

మా అత్త వాళ్ళను నీళ్ళతో పంపేదా? కూర్చోబెట్టి భోజనం పెట్టేది. పక్కింటిదాన్నని చెప్పేది.

ఇండియానా నుంచి వచ్చిన ఒక జంట నాకింకా గుర్తు. ఆ అమ్మాయి ముక్కు ఎర్రగా చేసుకుని, "ఓర్ఫాగారు మీకు తెలుసా?" అని అడిగింది.

"ఎందుకు తెలీదూ! మంచిదే. నోరే కొంచెం ఎక్కువ. ఇంకో ముక్క రొట్టె వేసుకో తల్లీ, బక్కచిక్కి ఉన్నావ్."

"ఎలా పోయారండీ పాపం?"

"కోడలు" అంది మా అత్త, బీన్స్ వడ్డిస్తూ.

నాలుగో గిన్నె ఆరోజు సొట్టపోయింది.

కొత్తవాళ్ళ ముందు అంత సరదాగా ఉండే మనిషి, వాళ్ళ కారు మలుపు తిరగ్గానే ఊరుకునిపోయేది. గుట్ట వైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, గిన్నె ముందేసుకుని కూర్చునేది. గోడవారన సీసాలు నలభై అయ్యాయి. అరవై అయ్యాయి. సీసా మూత బిగుసుకుంటూ టిక్కుమన్నప్పుడల్లా నాకు ఉలికిపాటే. చివరికి ఒకరోజు పొద్దున్నే ఎవరూ చూడకుండా తోటలోకి వెళ్ళి ఇంకో వరస బీన్స్ గింజలు నాటాను. అవి కాసేసరికి సెప్టెంబరు. తిరిగి చూస్తే మా అత్త కిటికీ దగ్గర ఉంది. చూసింది.

నాష్‌విల్ ఫోన్ చేశాను. మా ఫోను లైను నాలుగిళ్ళకు కలిపి ఒకటే, పై ఇంటి హాజెల్ ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది.

"మూడో చరణం మార్చాలి పెగ్రమ్‌గారూ. ఆవిడ బతికే ఉంది."

ఆయన చాలాసేపు నవ్వాడు. "అమ్మా, అది ఇప్పుడు మీ పాట కాదు, నా పాట కాదు. జనానిది. జనం ఆవిడ్ని పాతిపెట్టేశారు. తవ్వి తీయడం మన వల్ల కాదు."

"నేనూ అదే అంటున్నా డోవీ" అంది హాజెల్, లైనులోంచి.

అయినా ఊరుకోలేక ఆగస్టులో కొత్త మూడో చరణం కట్టాం. రేడియోలో రాకపోతే పోయె, ఆవిడ వింటే చాలు అనుకున్నాం. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే మా అత్తను బస్సులోకి పిలిచాం. ఆవిడ ఆ బస్సెక్కడం అదే మొదలు. ముందు సీట్లో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, నడుం నిటారుగా కూర్చుంది. వెండెల్ పాడాడు. ముసలమ్మ వాకిట్లో ఊగే కుర్చీలో కూర్చుని ఉందనీ, చల్లగా నూరేళ్ళు ఉంటుందనీ చరణం. నేను అద్దంలో ఆవిడ్ని చూస్తున్నాను. రెండో పాదంలోనే ఆవిడ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

పాట అయ్యాక, "బాగోలేదు" అంది.

"అమ్మా, నువ్వు బతికున్నావు కదా ఇందులో!" అన్నాడు వెండెల్.

"బతికుండి ఏం చేస్తున్నాను? ఊగుతున్నాను. ఊగడానికి ఒక చరణమా? మొదట కట్టిందే బాగుంది. ఆ పళ్ళెం మాట విన్నప్పుడు నాకే ఏడుపొచ్చింది, నామీద నాకే."

మేమిద్దరం అద్దంలో ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

"మరి దేనికమ్మా కోపం?"

ఆవిడ సంచీ కొక్కెం తీసింది, వేసింది. "వెండెల్, నువ్వు దిగి కోళ్ళకి గింజలు వెయ్యి" అంది. మూడు పదులు దాటిన మనిషి, గిటారు సీట్లో పెట్టి దిగి వెళ్ళిపోయాడు.

"నన్ను ఆయన పక్కన పడుకోబెట్టమని నీకెవరు చెప్పారే?"

నాకు మొదట అర్థం కాలేదు. "రాయి మీద మీ పేరుంది కదా అత్తయ్యా..."

"ఆ రాయి ఆయన చెక్కించుకున్నాడు. నన్నడిగాడా? సరేలే, రాయే కదా, మన పదిమందీ తప్ప ఎవరు చూస్తారు అనుకున్నాను. పోయే ముందు నీ చెవిన వేద్దామనుకున్నాను, నన్ను అక్కడ కాదు, ఇంకోచోట పెట్టండీ అని. వెండెల్‌కి చెప్పలేను. మీ నాన్న పక్కన నాకొద్దురా అని కొడుక్కి ఎట్లా చెప్పేది? నువ్వైతే గుట్టుగా చేస్తావు. నా నమ్మకం అంతా నీమీదే పెట్టుకున్నాను. నువ్వేమో దేశమంతా చాటించావు, ఓర్ఫా ఆయన పక్కనుందని. ఇంక నన్నెవరు ఇంకోచోట పెట్టనిస్తారే? రేపు నన్ను అక్కడ దించకపోతే ఆ పూలు తెచ్చేవాళ్ళందరూ మీ మీద పడరూ?"

"మామయ్య మంచివారే కదా?" అన్నాను, ఏమనాలో తోచక.

"మంచివాడే. గురక తప్పితే వంక లేదు. అది కాదులే." లేచి నిలబడింది. "రేపు నన్ను కేనీ ఫోర్క్ తీసుకెళ్ళండి. ఈ బస్సులోనే."

కేనీ ఫోర్క్ మా అత్త పుట్టింటివాళ్ళ వాగు. బస్సు స్కూలు బోర్డుది, సొంత పనికి తీస్తే ఉద్యోగం పోతుందని వెండెల్ నసిగాడు.

"చచ్చినదాన్ని ఎక్కించుకున్నానని చెప్పు. ఏ బోర్డు అడుగుతుందో చూస్తాను" అంది.

మర్నాడు, దారి ఆగిపోయిన చోట వెండెల్ బస్సు ఆపాడు. నువ్వు కాసేపాగి రా అని కొడుకుతో చెప్పి, నా మోచెయ్యి పట్టుకుని ఆవిడ గుట్ట ఎక్కింది. పైన పాతిక సమాధులు ఉంటాయేమో. పేర్లు లేవు, వాగులోంచి తెచ్చి నిలబెట్టిన రాళ్ళు. మా అత్త వాటి మధ్య నుంచి తడుముకోకుండా ఒక మూలకు నడిచి, చేతిసంచీ పక్కన పెట్టి, గడ్డిలో వెల్లకిలా పడుకుంది.

"అత్తయ్యా!"

"అరవకు. ఇదిగో, ఇక్కడ. కాళ్ళు తూర్పుకి. గుర్తు పెట్టుకో."

ఆవిడ ఎడమ చెయ్యి చాపితే అందే దూరంలో ఒక చిన్న రాయి ఉంది, రొట్టె ముద్దంత. ఆ రాయి మీద నాచు లేదు. ఎవరో ఎప్పటికప్పుడు తుడుస్తున్నట్టుంది. పుట్టింటివాళ్ళను చూసొస్తానని ఆవిడ ఏడాదికోసారి ఒక్కతే ఎందుకు వెళ్ళేదో నాకప్పుడు తెలిసింది.

"ఎవరు అత్తయ్యా?"

"ఐవీ. వెండెల్ కంటే రెండేళ్ళు ముందు. మా అమ్మ ఇంట్లో పురుడు. మూడు వారాలు ఉంది. ఫిబ్రవరి, వాగు పొంగి ఎటూ దారి లేదు, ఇక్కడే పెట్టాం. ఎండాకాలంలో మన గుట్ట మీదికి మారుద్దాం అన్నాడు మీ మామయ్య. మారుద్దాం మారుద్దాం అంటూనే ఆయన వెళ్ళి అక్కడ పడుకున్నాడు." కాసేపు ఆకాశం చూసింది. "ఆయనకి అక్కడ అమ్మా నాన్నా అన్నదమ్ములూ అందరూ ఉన్నారు. దీనికి ఇక్కడ మా అమ్మ ఉందనుకో. ఎంతైనా అమ్మమ్మ అమ్మవుతుందా?"

ఆవిడకు ఇటు పక్క గడ్డిలో నేనూ పడుకున్నాను. కింద వాగు వినిపిస్తోంది.

"నువ్వెందుకే?"

"చోటెలా ఉందో చూద్దామని."

"బాగుందా?"

"బాగుంది. వాగు వినిపిస్తోంది."

"మరి! అందుకే" అంది, తృప్తిగా.

వెండెల్ పైకి వచ్చేసరికి తల్లీ పెళ్ళామూ సమాధుల మధ్య వెల్లకిలా పడి ఉన్నారు. తన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది! అమ్మా!"

"ఏం కాలేదు, కొలతలు చూసుకుంటున్నాం. ఇట్రా. ఇది నీ అక్క."

రెండు మాటల్లో చెప్పింది, అంతకంటే చెప్పలేదు. వెండెల్ టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రాయి చుట్టూ ఉన్న గడ్డి ఒక్కొక్క పోచా పీకాడు. చాలాసేపు పీకాడు. దిగేటప్పుడు తల్లిని చెయ్యి పట్టి దింపింది తనే.

బస్సు మెట్టు మీద ఆగి మా అత్త ఇద్దరికీ వేలు చూపించింది. "ఇది పాటలో వచ్చిందో, ఈసారి చంపేది నేను. నిజంగా చంపుతాను."

తిరుగుదారిలో ఆవిడ ముందు సీట్లో కునుకు తీసింది. నేను నా రెండో వరసలో కూర్చున్నాను. మూడో మలుపు దాటాక వెండెల్ తనకు తెలియకుండానే చిన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. అలాంటి బాణీ తను అంతకుముందు కట్టలేదు, తర్వాతా కట్టలేదు. దానికి మొదటి పాదం నా నోటి దాకా వచ్చేసింది. ఒక్క మాట మార్చక్కర్లేదు, చిన్న రాయి, చాపిన చెయ్యి, అన్నీ వాటంతటవే వరసలో నిలబడ్డాయి. వెండెల్ అద్దంలోకి తల ఎత్తి నాకోసం చూశాడు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కూనిరాగం ఆగిపోయింది. మేమిద్దరం కట్టిన పాటలన్నిట్లోకీ మంచిది అదే. అందులో నాకే అనుమానమూ లేదు.

ఆ సాయంత్రం బల్ల మీద నాలుగు పళ్ళేలున్నాయి. మా అత్త తన కుర్చీ లాక్కుని కూర్చుంది. వెండెల్ ఏదో అనబోతే బల్ల కింద కాలు తొక్కాను. "ఏంట్రా చూపులు? చల్లారిపోతుంది, తినండి" అంది.

సెప్టెంబరులో వెర్నా ఉత్తరం రాసింది, గదికి కొత్త పరదాలు కట్టించానని, ఎప్పుడొస్తున్నావని. మా అత్త నాచేత జవాబు రాయించింది. "బీన్స్ ఇంకా అవలేదు. డోవీ చివర్లో ఇంకో వరస వేసింది. అవి కాయాలి." నేను తల ఎత్తకుండా రాశాను. ఆ పై ఏడూ ఒక వరస ఆలస్యంగా వేశాను. ఆ పై ఏడూ వేశాను. మొత్తం పదకొండేళ్ళు వేశాను.

ఆ పదకొండేళ్ళూ పాటకోసం జనం వస్తూనే ఉన్నారు, మా అత్త పక్కింటిదానిలాగే వాళ్ళకు వడ్డిస్తూనే ఉంది. గుట్ట మీద గులాబీలు చూసి, "ఆయనకి బతికుండగా పువ్వు ఇచ్చినవాళ్ళు లేరు. తీసుకోనీ పాపం" అనేది.

నిద్రలోనే పోయింది, నేను చెప్పినట్టే. తెల్లారకముందే కేనీ ఫోర్క్ తీసుకెళ్ళాం. నేనూ, వెండెల్, వెర్నా, పాదిరిగారూ, ఎప్పుడూ లైను మీదే ఉండే హాజెల్ కూడా. ఆ హాజెల్ ఈరోజుకీ ఎవరికీ చెప్పలేదు. కాళ్ళు తూర్పుకి పెట్టాం. ఎడమ చెయ్యి చాపితే అందేటట్టు పెట్టాం. ఇంటి వెనక రాయి మీద ఆ ఖాళీ అలాగే ఉంది, జనం దానికే పూలు పెట్టి ఏడ్చి వెళ్తున్నారు. అంతమందిలో ఒక్కరు కూడా ఆవిడ నిద్ర చెడగొట్టలేదు. నేను చేసిన తప్పే ఆవిడకు కాపలా కాస్తోంది.

ఇది కథ గనక చెప్పాను. కథలు రేడియోలో మోగవు. అయినా ఒక మాట. ఆ వాగు పేరు కేనీ ఫోర్క్ అన్నానే, దాని అసలు పేరు అది కాదు. మా అత్త ఎక్కడుందో లోకానికి ఒకసారి చెప్పాను. ఇంకోసారి చెప్పను.